అతిథుల వరుసలో ఆట తయారుచేసినవారికీ ఒక కుర్చీ వేయండి

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లో కామిక్స్, గేమ్స్, వేషధారణల ఉత్సవాలు జరుపుతున్న నిర్వాహకులకు,

నమస్కారం.

వచ్చే ఉత్సవానికి ఎవరెవరిని పిలవాలన్న చర్చ మీ దగ్గర ఈపాటికి మొదలయ్యే ఉంటుంది. జాబితా ఖరారయ్యేలోపు ఒక విన్నపం మీ ముందు పెడుతున్నాను. ఈసారి అతిథుల్లో కనీసం ముగ్గురు చిన్న బోర్డు గేమ్ ప్రచురణకర్తలు ఉండాలి. వాళ్లకు స్టాలు అద్దెలో రాయితీ ఇస్తే సరిపోతుందని అనుకోకండి. రానుపోను ఖర్చులు, బస, భోజనం మీరు చూసుకుని, పోస్టరు మీద పేరు వేసి, వేదిక మీద మాట్లాడే సమయమిచ్చి, ఆట ఆడించేందుకు మంచి బల్ల చూపించి, అతిథి మర్యాదలతో పిలవాలి.

నేను వారాంతాల్లో పిల్లలనూ పెద్దలనూ చుట్టూ కూర్చోబెట్టుకుని బోర్డు ఆటలు ఆడించే మనిషిని. గ్రంథాలయాల్లో, అపార్ట్‌మెంటు క్లబ్బు గదుల్లో, బడుల్లో, వేసవి శిబిరాల్లో ఆడించాను. ఏ ఉత్సవం జరిగినా వెళతాను. వెళ్లిన ప్రతిసారీ ఈ లోటే నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

చిన్న ప్రచురణకర్త అంటే ఎవరో కొంచెం వివరంగా చెబుతాను. సాధారణంగా ఒకరో ఇద్దరో ఉంటారు. భార్యాభర్తలు కావచ్చు, కాలేజీ నాటి స్నేహితులు కావచ్చు. పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఆట గురించి ఆలోచిస్తారు. తెల్లకాగితాల మీద పెన్నుతో కార్డులు రాసి, కత్తెరతో కత్తిరించి, ఇంటికొచ్చిన చుట్టాలందరి చేతా ఆడించి చూస్తారు. ఎక్కడ విసుగు పుడుతోందో, ఎక్కడ మొదట ఆడినవాడే ఎప్పుడూ గెలుస్తున్నాడో పట్టుకుని మళ్లీ మారుస్తారు. ఏడాదికో రెండేళ్లకో ఆట ఒక రూపానికి వస్తే చిత్రకారుడిని వెతికి బొమ్మలు వేయిస్తారు. దాచుకున్న డబ్బుతోనో, ముందుగా చందాలు కట్టించుకునో ఐదు వందలో వెయ్యో ప్రతులు అచ్చు వేయిస్తారు. ఆ పెట్టెలు ముందుగదిలో పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. కొరియరుకు ప్యాక్ చేసేది వాళ్లే. పెట్టెలో ఒక పావు తక్కువ వచ్చిందని ఎవరైనా ఫోను చేస్తే జవాబు చెప్పుకునేదీ వాళ్లే.

ఇలాంటివాళ్లను ఉత్సవానికి ఎందుకు పిలవాలి? ఎందుకంటే బోర్డు గేమ్ దానంతట అది మాట్లాడదు. సినిమాకు ట్రైలరు ఉంటుంది. కామిక్ పుస్తకాన్ని నిలబడి నాలుగు పేజీలు తిరగేస్తే బొమ్మ నచ్చిందో లేదో తెలిసిపోతుంది. ఆట పెట్టె మాత్రం ప్లాస్టిక్ కాగితం చుట్టి, మూత బిగించి ఉంటుంది. తెరిచినా లోపల ఉన్నవి కొన్ని కార్డులు, చెక్క పావులు, మడతపెట్టిన ఒక అట్ట. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పేదాకా వాటికి ప్రాణం రాదు. ఆ చెప్పే పని, ఆట తయారుచేసిన మనిషి చేసినట్టు ఇంకెవరూ చేయలేరు.

ఒకసారి దగ్గర నుంచి గమనించి చూడండి. చేయి తిరిగిన రూపకర్త నియమాల పుస్తకాన్ని అసలు ముట్టుకోరు. నలుగురు కూర్చోగానే తలా మూడు కార్డులు పంచి, "ముందు అందరూ కార్డులు తెరిచే పెట్టండి, ఈ చుట్టు లెక్కలోకి రాదు" అంటారు. గెలవడమంటే ఏమిటో మొదట చెబుతారు, తక్కినవన్నీ అవసరం వచ్చినప్పుడే చెబుతారు. నాలుగో కుర్చీలో ఒక అమ్మమ్మ కూర్చుని ఉంటే, ఆమె చేయి ఏ కార్డు మీద ఆగిందో కనిపెట్టి, ఏమీ తెలియనట్టు ఆ కార్డు సంగతి అందరికీ మరోసారి వివరిస్తారు. పది నిమిషాల్లో ఆమె మనవడిని అడ్డుకునే ఎత్తు వేస్తుంది. బల్ల చుట్టూ నవ్వులు మొదలవుతాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. అద్దెకు తెచ్చిన సేల్స్ కుర్రవాడు పెట్టె వెనక ముద్రించిన నాలుగు వాక్యాలు చదివితే ఇది జరగదు. వండినవారు ఎదురుగా కూర్చుని వడ్డించినప్పుడు ఉండే తేడా ఇక్కడా ఉంది.

మరి ఈ మనుషులు మీ దగ్గరకు వాళ్లంతట వాళ్లే రావచ్చు కదా, స్టాళ్లు అందరికీ తెరిచే ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. కాగితం మీద ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకు చెబుతున్నవే. మీ అసలు అంకెలు పెట్టి మీరే సరిచూసుకోండి.

ఆట పెట్టె ధర 1,000 రూపాయలు అనుకుందాం. అచ్చు, అట్ట, రవాణా, పన్ను అన్నీ పోను 350 మిగులుతుందనుకుందాం. మూడు రోజుల స్టాలుకు 30,000 అద్దె. ఆట 45 నిమిషాలు సాగుతుంది, నలుగురు ఆడతారు. నియమాలు చెప్పడానికీ మళ్లీ సర్దుకోవడానికీ ఇంకో 15 నిమిషాలు. అంటే గంటకు ఒక ఆట. రోజుకు తొమ్మిది గంటలు, మధ్యలో భోజనానికైనా లేవకుండా ఆడించినా ఒక బల్ల మీద ఆడేది 36 మంది. ఆడినవాళ్లలో ఆరుగురికి ఒకరు కొంటే రోజుకు ఆరు పెట్టెలు, మూడు రోజులకు 18. చేతికి వచ్చేది 6,300 రూపాయలు. అద్దెలో పావు వంతు కూడా రాలేదు. రైలు టికెట్లు, గది, పెట్టెల రవాణా ఇందులో కలపనే లేదు. రెండో బల్ల వేద్దామంటే ఆడించడానికి రెండో మనిషి కావాలి, అప్పుడూ సగం అద్దె రాదు.

ఇది వాళ్ల చేతగానితనం కాదు, ఆటల స్వభావమే అది. టీషర్టు ఐదు సెకన్లలో అమ్ముడుపోతుంది. కీచైనుకు అంత సమయమూ పట్టదు. ఆట అమ్మాలంటే గంట కూర్చోవాలి. అందుకే మీ గేమింగ్ విభాగంలో అద్దె కట్టగలిగినవాళ్లు ఎవరో చూడండి: అందరికీ తెలిసిన పెద్ద కంపెనీల పెట్టెలు కుప్పపోసి రాయితీకి అమ్మేవాళ్లు, వీడియో గేమ్ పరికరాల వ్యాపారులు, మగ్గులు, పోస్టర్లు అమ్మేవాళ్లు. వాళ్లూ ఉండాలి, వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ కొత్త ఆటను జనం ముందు పెట్టవలసినవాడు ఆ అద్దె దగ్గరే వెనక్కి తిరిగిపోతున్నాడు. స్టాళ్ల మార్కెట్టుకు వదిలేస్తే ఎప్పటికీ రాని మనిషిని రప్పించాలంటే అతిథిగా పిలవడం ఒక్కటే దారి.

ఒక ఉత్సవంలో చూసిన సంగతి చెబుతాను. ఊరి పేరు, ఉత్సవం పేరు వద్దు. ఒక జంట ఎంతో దూరం నుంచి తమ మొదటి ఆటతో వచ్చారు. వాళ్లకు దొరికిన చోటు ప్రధాన వేదిక లౌడ్‌స్పీకర్లకు సరిగ్గా పక్కన. బల్ల రెండడుగుల వెడల్పు. పటం పరిస్తే కార్డులు పెట్టుకోవడానికి జాగా లేదు. కుర్చీలు రెండే ఇచ్చారు, మిగతావి కావాలంటే విడిగా అద్దె. ఆవిడ ఆట చెప్పడం మొదలుపెట్టగానే వేదిక మీద పాట మొదలయ్యేది. కాసేపటికి ఆవిడ మాట్లాడటం మానేసి, కార్డులు చేత్తో చూపిస్తూ సైగలతో ఆడించింది. సాయంత్రానికి ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. మూడో రోజు మధ్యాహ్నానికే వాళ్లు పెట్టెలు సర్దేసుకున్నారు. ఆ ఆట నేను ఆడాను. బాగుంది. ఇంకో రెండు కుర్చీలు, కాస్త నిశ్శబ్దం ఇచ్చి ఉంటే వాళ్లు మళ్లీ వచ్చేవారు.

ఆ నిర్వాహకులకు దురుద్దేశం ఉందని నేను అనను. బల్ల మీద ఆడే ఆటకు ఏం కావాలో అడగవలసిన మనిషి వాళ్ల ప్రణాళికలో ఎక్కడా లేడు, అంతే. అతిథి అనగానే పద్ధతి మారుతుంది. వచ్చేముందు ఫోను చేసి "మీకు ఏమేం కావాలి?" అని అడుగుతాం.

ప్రాంతీయ ఉత్సవాలు చిన్నవని, వాటివల్ల ఏం జరుగుతుందని కొందరు అంటారు. ఆటల చరిత్ర చూస్తే పేరున్న పెద్ద ఉత్సవాలు కూడా చిన్నగానే మొదలయ్యాయి. 1968లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న పట్టణంలో గ్యారీ గైగాక్స్ అనే ఆయన, యుద్ధ వ్యూహాల ఆటలంటే ఇష్టమున్నవాళ్లను ఒక్కచోటికి పిలిచాడు. హార్టికల్చరల్ హాలును 50 డాలర్లకు అద్దెకు తీసుకున్నాడు. వచ్చింది సుమారు వంద మంది. అప్పటికి ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి. మరుసటి ఏడాది అదే సమావేశంలో డేవ్ ఆర్నెసన్ పరిచయమయ్యాడు. ఆ ఇద్దరి చేతుల్లో తయారై 1974లో అచ్చయినదే డంజన్స్ అండ్ డ్రాగన్స్. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. పెట్టెలు కూర్చింది ఇంట్లోనే. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి కథను ముందుకు నడిపే ఆటలు అచ్చులోకి వచ్చింది ఆ వెయ్యి పెట్టెలతోనే. ఇండియానాపోలిస్‌లో ఇప్పుడు డెబ్బై వేల మందికి పైగా హాజరయ్యే జెన్ కాన్ ఆటల ఉత్సవం, ఆ యాభై డాలర్ల హాల్లో మొదలైనదే.

జర్మనీలో ఎసెన్ నగరపు ఆటల సంత కూడా అంతే. 1983లో వయోజన విద్యా కేంద్రంలో మొదలై, ఇప్పుడు అక్టోబరు నెలలో నాలుగు రోజులకు సుమారు రెండు లక్షల మందిని రప్పిస్తోంది. అక్కడి గొప్పతనం జనసంఖ్యలో లేదు. అక్కడ వరసలు వరసలుగా బల్లలు వేసి ఉంటాయి. కుర్చీ ఖాళీ అయితే కూర్చోవడమే, ఆట చెప్పడానికి ఒక మనిషి సిద్ధంగా ఉంటాడు. చాలాచోట్ల ఆ మనిషి ఆట రూపకర్తే. కొనడం తరువాతి సంగతి.

జర్మనీ గురించే ఇంకొక మాట. ఒకప్పుడు అక్కడ కూడా ఆట పెట్టెల మీద రూపకర్త పేరు ఉండేది కాదు, కంపెనీ పేరే ఉండేది. 1988లో న్యూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శనకు వెళ్లిన కొందరు రూపకర్తలు సాయంత్రం ఒక బల్ల చుట్టూ చేరి, బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద ఒక ఒప్పందం రాసి సంతకాలు చేశారు. పెట్టె మూత మీద పేరు వేయని కంపెనీకి తమలో ఎవరూ ఆట ఇవ్వరు. అంతే ఆ ఒప్పందం. 1991లో రూపకర్తల సంఘమే ఏర్పడింది. నవల మీద రచయిత పేరున్నట్టు ఆట మీద రూపకర్త పేరుండటం నేడు అక్కడ మామూలు సంగతి. ఒకచోట ఒక బల్ల చుట్టూ కూర్చునే అవకాశం దొరకబట్టే వాళ్లు ఆ పని చేయగలిగారు. మన రూపకర్తలకు అలా కలిసి కూర్చునే చోటు ఏది? మీ ఉత్సవమే కావాలి.

ఈ పేరు గురించి నాకు ఇంత పట్టింపు ఉండటానికి కారణం మన ఆటలే. అరుగు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్లు గీసుకుని, చింతపిక్కలను ఒక పక్క తెల్లగా అరగదీసి పాచికలుగా వేసుకున్న నేల ఇది. పచ్చీసు నుంచి పుట్టిన లూడోకు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నారు. ఆ పేటెంటు మీద పేరుంది, పచ్చీసు కనిపెట్టినవారి పేరు ఎక్కడా లేదు. పులి-మేక సంగతి చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాల బలమూ వేరు, నియమాలూ వేరు, గెలిచే పద్ధతీ వేరు. మేక పులిని చంపలేదు, కానీ గుంపుగా కదిలి దారులన్నీ మూసేస్తే పులికి ఊపిరాడదు. ఇలా రెండు పక్షాలకూ వేర్వేరు నియమాలు పెట్టి, అయినా ఆట సమానంగా సాగేలా చేయడం ఎంత కష్టమో నేటి రూపకర్తలను అడగండి. అంత నేర్పుతో చేసినవారు ఎవరో మనకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. ఇప్పుడు మన మధ్యే ఉండి ఆటలు చేస్తున్నవాళ్ల పేర్లు మాత్రం అలా పోకూడదు. పోస్టరు మీద నటుడి పేరు, యూట్యూబరు పేరు వేసే అక్షరాల్లోనే వాళ్ల పేరూ వేయండి.

తెలుగు నేల మీద ఉత్సవం జరుపుతున్నారు కాబట్టి మరొకటి కూడా అడుగుతున్నాను. పిలిచిన ప్రతి అతిథి ఆటకూ రెండు పేజీల తెలుగు నియమాల పత్రం తయారు చేయించండి. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లాడు ఇంగ్లీషు నియమాలు చదువుకుంటాడు, సరే. అతని నాయనమ్మ, గుంటూరు నుంచి వచ్చిన మేనమామ, బడిలో తెలుగు మీడియం చదివిన పక్కింటి అమ్మాయి ఆ బల్ల దగ్గర ప్రేక్షకులుగా మిగిలిపోతున్నారు. ప్రచురణకర్త ముందుగా నియమాలు పంపితే అనువదించడానికి మా ఆటల బృందాల్లో కావలసినంత మంది ఉన్నారు. "మీ వంతు", "చీటీ తీయండి", "పావు జరపండి", "పంట పండింది" అని సునాయాసంగా చెప్పుకోవచ్చు. మన ఇళ్లలో ఈ మాటలు ఎప్పటినుంచో ఉన్నవే. ప్రచురణకర్తకూ ఇది లాభమే: ఉత్సవం అయిపోయాక ఆ పత్రం ఆయన సొంతం, తరువాతి ముద్రణలో పెట్టెలో వేసుకోవచ్చు.

ఇక్కడి అచ్చు పరిశ్రమ సంగతి కూడా ఆలోచించండి. హైదరాబాదు, విజయవాడ ప్రెస్సులకు క్యాలెండర్లు, పాఠ్యపుస్తకాలు, పెళ్లి పత్రికలు వెన్నతో పెట్టిన విద్య. బంగారు రేకు అద్దిన శుభలేఖల పెట్టెలు అంత నాజూకుగా చేయగలిగినవాళ్లు ఆట పెట్టె చేయలేరా? చేయగలరు. చేయమని అడిగినవాళ్లు లేరు. అడగాలనుకునే రూపకర్తకు ఏ ప్రెస్సులో ఎంత మందం అట్ట దొరుకుతుందో, ఐదు వందల ప్రతులకు ఎవరు ఒప్పుకుంటారో, కార్డుల అంచులు నునుపుగా కోయగల యంత్రం ఎక్కడుందో తెలియదు. ఒక ఆట అచ్చు వేయించి దెబ్బలు తిన్న ప్రచురణకర్త అతిథిగా వచ్చినప్పుడు, ఒక గంటపాటు ఆయననూ స్థానిక ప్రెస్సుల యజమానులనూ, పావులు చేసే కళాకారులనూ ఒకచోట కూర్చోబెట్టండి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క పూసి చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నునుపుగా, గుండ్రంగా, సహజ రంగులతో చేతికి ఇంపుగా ఉండే ఆ వస్తువులను చూసిన ఏ ఆట రూపకర్తకైనా వెంటనే పావులే గుర్తొస్తాయి. ఒకప్పుడు నిర్మల్ చిత్రకారులు గంజీఫా అనే పాతకాలపు పేక ఆట చీట్లకు రంగులద్దారు. ఆ చేతుల వారసులకు ఈ కాలపు ఆట పని దొరకడానికి మీ ఉత్సవంలో ఒక పరిచయం చాలు.

ఆ సమావేశంలోనే చట్టం సంగతి కూడా మాట్లాడించండి. పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి అయింది. తమ ఆట ఆ పరిధిలోకి వస్తుందో రాదో తేల్చుకోలేక ఆగిపోయిన కొత్తవాళ్లు ఉన్నారు. ఆ దారి నడిచి వచ్చినవారు చెప్పే అరగంట మాటలు వాళ్లకు నెలల తరబడి తిరుగుడు తప్పిస్తాయి.

ఎవరిని పిలవాలి అంటారా? దూరం పోనక్కర్లేదు. చెన్నైలో 2002 నుంచి పాత ఆటలను కొత్తగా అచ్చు వేసి ఇళ్లకు చేరుస్తున్న ‘క్రీడా’ అనే పేరున్న సంస్థ ఉంది. మైసూరులో రాంసన్స్ కళా ప్రతిష్ఠాన వారు సంప్రదాయ ఆటల పటాలను, పావులను కళాఖండాల స్థాయిలో చేయించి ప్రదర్శనలు పెడుతున్నారు. ఎన్నికల రాజకీయాన్నే ఆటగా మలిచి 2019లో ప్రపంచం నలుమూలల నుంచి చందాలు రాబట్టిన శాసన్ మన దేశంలో రూపుదిద్దుకున్నదే. ఇవి ఊరికే గుర్తుకు వచ్చిన పేర్లు. వీళ్లకన్నా చిన్నవాళ్లు, ఇంకా పేరు రానివాళ్లు, ఒక్క ఆట మాత్రమే అచ్చు వేసినవాళ్లు నాకు మరింత ముఖ్యం. వాళ్లను మీరు వెతికి పట్టుకోలేరు కాబట్టి బహిరంగంగా దరఖాస్తులు పిలవండి. ఆరు నెలల ముందు పిలవండి. ముగ్గురిలో ఒకరు తప్పనిసరిగా తెలుగు రాష్ట్రాల నుంచి ఉండాలని నియమం పెట్టుకోండి. ఎంపిక చేసేవాళ్లు దరఖాస్తు చదివి ఊరుకోకుండా ఆట ఆడి చూడాలి. కాగితం మీద అద్భుతంగా కనిపించి బల్ల మీద పడుకునే ఆటలు నేను చాలా చూశాను.

వచ్చాక ఏం చేయాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఆదరణ అంతా చిన్న చిన్న ఏర్పాట్లలోనే తెలుస్తుంది. ఒక్కో అతిథికి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు బల్లలు రెండు, పన్నెండు కుర్చీలు. లౌడ్‌స్పీకర్లకు వీలైనంత దూరంగా. బల్ల మీద తెల్లటి వెలుతురు పడాలి, వేదిక రంగు దీపాల కింద ఎర్ర పావుకూ నారింజ పావుకూ తేడా తెలియదు. ఉత్సవానికి ముందురోజు సాయంత్రం నలుగురు తెలుగు వాలంటీర్లకు అతిథి తన ఆట నేర్పాలి, అప్పుడే మూడు రోజులూ ఒక్కరి గొంతు మీద భారం పడకుండా ఉంటుంది. అతిథికి తిండి తినే సమయం, ఇతరుల ఆటలు ఆడే సమయం ఉండాలి. తమ పెట్టెలు అమ్ముకోనివ్వండి, అమ్మకంలో వాటా అడగకండి. వేషధారణ పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టి సాయంత్రాలు వృథా చేయకండి. మూడు రోజుల్లో ఒక పూట, ఇంకా అచ్చుకాని ఆటలు పట్టుకొచ్చిన మన కుర్రవాళ్లతో వాళ్లను కూర్చోబెట్టండి. అట్టముక్కల మీద పెన్నుతో గీసుకొచ్చిన ఆటను అనుభవమున్న మనిషి ఒకసారి ఆడి, "ఇక్కడ ఆట ఆగిపోతోంది, ఈ రెండు నియమాలు తీసేసి చూడు" అని చెబితే అది ఆ కుర్రవాడికి ఏ బహుమతికన్నా విలువైనది. నా వినతిలో ఒక్కటే ఒప్పుకోగలమని మీరంటే, ఈ ఒక్క పూట ఇవ్వండి చాలు.

డబ్బు సంగతి. సినిమా నటుడో టీవీ తారో వస్తే జనం వస్తారు, టికెట్లు తెగుతాయి, ఆటలు చేసేవాళ్ల కోసం ఎవరు వస్తారు అని మీ కమిటీలో తప్పకుండా ఒకరు అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. తారను మానమని నేను అనడం లేదు. కానీ తార వచ్చిన గంట తరువాత హాలు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫొటో దిగినవాళ్లు దిగి వెళ్లిపోతారు. బల్లల దగ్గర కూర్చున్న కుటుంబం మాత్రం మూడు గంటలు ఉంటుంది, అక్కడే తింటుంది, మరుసటి రోజు అన్నయ్య పిల్లలను కూడా వెంటబెట్టుకుని వస్తుంది. తార ఒక పూట రాకకు అయ్యే విమాన టికెట్లు, హోటలు గదులు, భద్రతా సిబ్బంది ఖర్చు పక్కన పెట్టి, బెంగళూరు నుంచో చెన్నై నుంచో రైల్లో వచ్చి మామూలు గదిలో దిగే ముగ్గురు మనుషుల ఖర్చు వేసి చూడండి. మీ లెక్కల పుస్తకంలో అది ఏ మూలకు వస్తుందో మీకే తెలుస్తుంది.

పుస్తకాల విషయంలో ఈ పని మనం ఏనాడో చేశాం. విజయవాడలో 1989 నుంచి జరుగుతున్న పుస్తక మహోత్సవానికి జనం పుస్తకాలు కొనడానికే వెళ్లరు, రచయితను చూడటానికి, రెండు మాటలు మాట్లాడటానికి, సంతకం పెట్టించుకోవడానికి వెళతారు. సొంత ఖర్చుతో కవితా సంపుటి వేసుకున్న మనిషిని కూడా వేదిక మీదకు పిలిచి శాలువా కప్పే సంస్కారం మనకుంది. ఆట చేసిన మనిషి దగ్గరకు వచ్చేసరికి ఆయనను వ్యాపారిగా చూసి అద్దె రసీదు చేతిలో పెడుతున్నాం. ఆయన చేసింది కూడా రచనే. మీ దగ్గరకు వచ్చిన పదేళ్ల పిల్లకు ఆటలు ఫ్యాక్టరీలో పుట్టవని, ఎదురుగా కూర్చున్న ఈ మనిషి ఆలోచించి చేశాడని, తనూ చేయవచ్చని తెలిసే చోటు మన రెండు రాష్ట్రాల్లో ఇంకెక్కడుంది?

మా వైపు నుంచి చేయగలిగింది చెబుతాను. తెలుగు నియమ పత్రాల అనువాదం, ఆడించే వాలంటీర్లు, దరఖాస్తుగా వచ్చిన ఆటలను ఆడి చూసి మీకు అభిప్రాయం రాసివ్వడం, ఈ మూడు పనులూ ఏ ప్రతిఫలమూ లేకుండా చేయడానికి నాతోపాటు వారాంతపు ఆటల బృందాల్లోని మిత్రులు సిద్ధంగా ఉన్నారు. రైల్వే స్టేషనుకు వెళ్లి అతిథులను తీసుకురావడం, పెట్టెలు మోయడం కూడా మాకు వదిలేయండి. మీరు ఇవ్వవలసింది ఆహ్వానం, బల్ల, పోస్టరు మీద పేరు.

అతిథుల జాబితా ఖరారు చేసే సమావేశానికి మాలో ఇద్దరిని పిలవండి. ఒక గంట చాలు. ఆ గంటలో సగం ఈ విషయం మాట్లాడతాం, మిగతా సగం ఒక చిన్న ఆట మీ చేతే ఆడిస్తాం. ఆ తరువాత నిర్ణయం మీది.

ఇట్లు,
వారాంతాల్లో ఆటలు ఆడించే ఒక హైదరాబాదు వాసి